ఉత్తరం రాసిన నాయకుడు: దేశభక్త కొండ వెంకటప్పయ్య



మాది కొండవీడు కింద పల్లె. మా కొండ పేరు చెప్పగానే ఎవరికైనా రెడ్డిరాజులు, శ్రీనాథుడు గుర్తుకొస్తారు. ఘాట్ రోడ్డు పడ్డాక కొండపైకి కార్లు ఎక్కుతున్నాయి. సీతాఫలాల కాలంలో అయితే పిల్లాజెల్లాతో వచ్చి, పైన చెరువులు చూసి, గంపెడు కాయలు కొనుక్కుని దిగుతారు. కింద గోపీనాథస్వామి గుడి దగ్గర కత్తులబావి కథ ఎవరో ఒకరు చెబుతారు. ఈ కొండకు ఇంకో కథ కూడా ఉంది. మా పెద్దవాళ్లు దాన్ని కాస్త గొంతు తగ్గించి చెప్పేవారు.

కొండవీటిని ఏలిన రెడ్డిరాజుల్లో చివరివాడు రాచవేముడు. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటి మీదా ఆయన పురిటి సుంకం వేశాడట. ఆ సుంకం భరించలేక సవరం ఎల్లయ్య అనే ఆయన రాజును కత్తితో పొడిచి చంపాడని తరతరాలుగా చెప్పుకుంటారు. అది 1424 ప్రాంతం. రాజు పోయాడు, రాజ్యమూ విజయనగరం చేతికి పోయింది. పన్ను కట్టే రైతు మాత్రం అలాగే ఉన్నాడు.

ఆ తర్వాత దాదాపు అయిదు వందల ఏళ్లకు, 1921లో, 1922లో, ఇదే గుంటూరు సీమలో మళ్లీ పన్ను గొడవ వచ్చింది. పల్నాటి అడవిలో పుల్లరి, పెదనందిపాడు ఫిర్కాలో భూమి శిస్తు. ఈసారి జనం కత్తి పట్టకుండా నిలబడాలని ప్రయత్నించారు. ఆ ప్రయత్నానికి పెద్దదిక్కుగా ఉన్న మనిషి గురించి ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను. ఆయన దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులు గారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వేళకు చట్టసభ మెట్లెక్కి, రెండో యుద్ధం ముగిసి స్వాతంత్ర్యం వచ్చేదాకా రాజకీయాల్లో ఉన్న మనిషి. ఆయన జీవితంలో పదవులున్నాయి, జైళ్లున్నాయి, సభలున్నాయి. నాకు మాత్రం వాటన్నిటికన్నా రెండు ఉత్తరాలు ముఖ్యంగా కనబడతాయి. ఒకటి ఆయనకు గాంధీజీ రాసింది, రెండోది ఆయన గాంధీజీకి రాసింది. ఆ రెంటి మధ్య ఇరవై ఆరేళ్లు. ఒక రాజకీయ జీవితాన్ని ఎలా తూచాలో ఆ రెండు ఉత్తరాలే మనకు చెబుతాయి.

పంతులు గారు 1866 ఫిబ్రవరి 22న పాత గుంటూరులో పుట్టారు. మద్రాసులో చదివి, లా పట్టా పుచ్చుకుని, బందరులో ప్లీడరుగా స్థిరపడ్డారు. వాదించి సంపాదించుకుని ఊరుకునే మనిషి కాదు. 1902లో దాసు నారాయణరావు గారితో కలిసి బందరులోనే కృష్ణాపత్రిక మొదలుపెట్టారు. తర్వాత ముట్నూరి కృష్ణారావు గారి చేతుల్లో ఆ పత్రిక తెలుగుదేశానికంతా గొంతుక అయింది. 1904లో గుంటూరు వేరే జిల్లా అయ్యాక పంతులు గారు సొంత ఊరికి మకాం మార్చారు. మన కొండవీడు, నరసరావుపేట, గురజాల, మాచర్ల అన్నీ అప్పుడు గుంటూరు జిల్లాలోనివే. ఇప్పటి పల్నాడు జిల్లా ఏర్పడింది 2022లో.

తెలుగువాళ్లకు ఒక రాష్ట్రం ఉండాలన్న ఆలోచన గట్టిగా మొలకెత్తింది కూడా మన వైపే. 1913లో బాపట్లలో బి.ఎన్. శర్మ గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ మాటను జిల్లా జిల్లాకూ మోసుకుపోయిన వాళ్లలో వెంకటప్పయ్య పంతులు గారు ముందున్నారు. మద్రాసు నీడలో ఉన్న తెలుగువాళ్లలో కొందరికి ఆ మాట భయం పుట్టించింది, కొందరికి నవ్వు తెప్పించింది. ఆయన ఓపిగ్గా నచ్చజెప్పుకుంటూ పోయారు. 1918లో ఆంధ్రకు వేరుగా కాంగ్రెస్ సంఘం ఏర్పడింది. న్యాపతి సుబ్బారావు పంతులు గారు అధ్యక్షులు, వెంకటప్పయ్య గారు కార్యదర్శి. రాష్ట్రం రావడానికి ముప్పై అయిదేళ్ల ముందే కాంగ్రెస్ పటం మీద ఆంధ్ర ఒక రాష్ట్రమైంది.

ఆ రోజుల్లోనే ఆయన మద్రాసు శాసనమండలిలో సభ్యులయ్యారు. అప్పట్లో ఒక ప్లీడరుకు అంతకు మించిన గౌరవం లేదు. దొరలతో సమానంగా కూర్చోవచ్చు, ప్రశ్న అడిగితే సర్కారు జవాబు చెప్పాలి. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణ అన్నారు. చట్టసభలు వదలండి, కోర్టులు వదలండి అన్నారు. పంతులు గారు రెండూ వదిలేశారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లు. ఉన్నదంతా కూడబెట్టుకుని నీడపట్టున కూర్చునే వయసు. ఆ వయసులో ఆయన రోడ్డున పడ్డారు.

ఇప్పుడు పల్నాడుకు వద్దాం. సాగర్ కాలువ లేని నాటి పల్నాడును ఒకసారి ఊహించుకోండి. రాతినేల, వాన మీద ఆధారపడ్డ సేద్యం. రైతుకు పంట పోయినా నాలుగు పశువులుంటే బతుకు గడిచేది. ఆ పశువులకు అడవే దిక్కు. ఆ అడవి రిజర్వు ఫారెస్టు అయింది. పశువు అడవిలో మేయాలంటే తలకింతని పుల్లరి కట్టి చీటీ తీసుకోవాలి. చీటీ లేని గేదె గట్టు దాటి లోపలికి ఒక్క అడుగు వేస్తే చాలు, తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. జుల్మానా కట్టేదాకా అది అక్కడే. ఇంటి దగ్గర పాలు లేక దూడ అరుస్తుంటుంది, దొడ్డిలో పొదుగు బరువెక్కి తల్లి అరుస్తుంటుంది. రైతు ఆ రెండు అరుపుల మధ్యా అప్పు కోసం షావుకారు గుమ్మం తొక్కాలి. పుల్లరి అంటే లెక్కల పుస్తకంలో కొన్ని అణాలు. పల్నాటి ఇంటిలో అది ఈ అరుపు.

1921లో జనం పుల్లరి కట్టబోమన్నారు. అధికారులకు సాంఘిక బహిష్కారం విధించారు. ఊళ్లోకి వచ్చిన ఉద్యోగికి నీళ్లు పోసేవాళ్లు లేరు, చాకలి లేడు, మంగలి లేడు. అక్కడి పరిస్థితి చూసి రావడానికి కాంగ్రెస్ తరఫున ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు గారు వెళ్లారు. ప్రభుత్వం వాళ్లను పట్టుకుని జైల్లో పెట్టింది. ఉన్నవ వారిది మా కొండకు దూరమేమీ కాదు, అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు. ఆ జైల్లోనే ఆయన మాలపల్లి నవల రాశారు. ఆ తర్వాత 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసులు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. పల్నాడులో ఆ పేరు తెలియని ఇల్లు ఈనాటికీ ఉండదు.

అదే కాలంలో జిల్లాకు ఈ కొసన, నల్లరేగడి నేలల్లో, పెదనందిపాడు ఫిర్కా కదిలింది. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. మునసబులు, కరణాలు రాజీనామాలిచ్చారు. సర్కారుకు అసలు దెబ్బ అదే. దొర ఎంత గొప్పవాడైనా ఊళ్లో ఎవరి పొలం ఎక్కడుందో ఆయనకు తెలియదు, కరణం లెక్క విప్పితేనే తెలుస్తుంది. ఎవరి ఇంటికి వెళ్లి శిస్తు అడగాలో మునసబు చూపిస్తేనే తెలుస్తుంది. వాళ్లిద్దరూ పక్కకు తప్పుకుంటే సింహాసనం గాలిలో ఉన్నట్టే. పశువుల్నీ సామానునీ జప్తు చేసి వేలం వేశారు. పాడేవాడు రాలేదు. కలెక్టరు రూథర్‌ఫర్డ్ సైన్యాన్ని దించాడు. ఇదే రూథర్‌ఫర్డ్ రెండేళ్ల తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదికి ప్రత్యేకాధికారిగా వెళ్లాడు. సైన్యం కవాతు చేసినా ఊళ్లు బెదరలేదు.

జనం గెలుస్తున్నారు. సరిగ్గా అప్పుడే, 1922 జనవరిలో, వెంకటప్పయ్య గారికి గాంధీజీ ఉత్తరం వచ్చింది. మొదటి ఉత్తరం అన్నానే, అదే. గాంధీజీ ఆ ఉత్తరంలో మెచ్చుకోళ్లు కురిపించలేదు. పన్నుల నిరాకరణకు కాంగ్రెస్ కొన్ని షరతులు పెట్టింది కదా, అవి మీ దగ్గర నెరవేరాయా అని అడిగారు. అంటరానితనం పోయిందా? జనం ఖద్దరు వడికి కడుతున్నారా? ఎంత రెచ్చగొట్టినా చెయ్యెత్తకుండా ఉండగలరా? ఇవి నెరవేరి ఉంటే సరే, లేకపోతే తొందరపడవద్దు, శిస్తు కట్టేయండి. ఆ ఉత్తరం సారం ఇది.

ఈ ఉత్తరం అందుకున్న మనిషి స్థితి ఒకసారి ఆలోచించండి. బయట వేల మంది రైతులు పశువులు పోయినా పట్టు వదలకుండా ఉన్నారు. మునసబులు కొలువులు వదులుకున్నారు. గెలుస్తున్న పోరాటాన్ని ఆపమంటే ఏ నాయకుడికైనా నోరు పెగలదు. అవును, మేము అన్ని విధాలా సిద్ధం అని ఒక జవాబు రాసేస్తే అడిగేవాళ్లు లేరు. సబర్మతి ఎక్కడ, పెదనందిపాడు ఎక్కడ! గాంధీజీ వచ్చి ప్రతి మాలపల్లెలోనూ బావి చూస్తారా? కానీ ఆ షరతులు పూర్తిగా నెరవేరలేదని పంతులు గారికీ, తోటి నాయకులకూ తెలుసు. తెలిసినదాన్ని దాచలేదు. ఫిబ్రవరిలో ఉద్యమాన్ని విరమించారు. చౌరీచౌరాలో హింస జరిగాక గాంధీజీ దేశమంతటా ఉద్యమం ఆపేసిన నెల కూడా అదే.

ఆ విరమణ తప్పని అన్నవాళ్లున్నారు. రైతు నోటి దగ్గర కూడు తీసేశారని ఏడ్చినవాళ్లున్నారు. వాళ్ల బాధ నిజం, దాన్ని నేను తక్కువ చేయను. నేను చెప్పదలచింది ఒక్కటే. ఎదుటివాడి తప్పు లెక్కపెట్టే నాయకులు ఎప్పుడూ ఉంటారు. మనం దీనికి తగినవాళ్లమా అని తనవైపు చూసి అడిగిన ప్రశ్నను భరించేవాళ్లు అరుదు. పంతులు గారు భరించారు. ఆ ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1923 ఆయన జీవితంలో పెద్ద సంవత్సరం. కాంగ్రెస్ అప్పటికి రెండుగా చీలి ఉంది. చట్టసభల్లోకి వెళ్లి లోపల్నుంచే పోరాడదామని చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ గార్లు. వద్దు, ఊళ్లల్లో నిర్మాణ కార్యక్రమమే చేద్దామని రాజాజీ ప్రభృతులు. పంతులు గారు ఈ రెండో వైపు. దాస్ గారు అధ్యక్ష పదవి వదిలేశారు, ఆ తర్వాత వచ్చిన అన్సారీ గారూ వదిలేశారు. అలాంటి ఇరకాటంలో అఖిల భారత కాంగ్రెస్ బరువును మన గుంటూరు పెద్దాయన నెత్తిన పెట్టారు. ఆయన విశాఖపట్నంలో సమావేశం జరిపి, సెప్టెంబరులో ఢిల్లీ ప్రత్యేక మహాసభకు దారి వేసి, బాధ్యత అప్పగించారు. ఇల్లు చీలకుండా కొన్నాళ్లు కాపు కాసి పక్కకు తప్పుకున్నారు.

ఆ డిసెంబరులోనే కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. తెలుగునేల మీద అదే మొదటిది. అధ్యక్షులు మౌలానా మహమ్మద్ అలీ. ఆహ్వాన సంఘం అధ్యక్షులు వెంకటప్పయ్య పంతులు గారు. అక్కడ జరిగిన ఒక చిన్న సంగతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు తర్వాత రాసుకున్నారు. ఆమెకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు. టికెట్టు లేనిదే ఎవరినీ లోపలికి వదలవద్దని పెద్దలు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు టికెట్టు లేకుండా వచ్చారు. ఆ పిల్ల ఆపేసింది. పంతులు గారు కంగారుపడి, ఎవరిని ఆపావో తెలుసా అని కేకలేశారు. మీరు చెప్పినట్టే చేశానండీ అంది ఆ పిల్ల. దానికిక జవాబు లేదు. టికెట్టు కొన్నారు, అప్పుడు నెహ్రూ గారు లోపలికి వెళ్లారు. మనం పెట్టిన నియమం మన ఇంటి అతిథికీ వర్తిస్తుందని పంతులు గారికి ఒక చిన్నపిల్ల గుర్తుచేసింది. ఆయన దాన్ని ఒప్పుకున్నారు. పాతికేళ్ల తర్వాత అదే పని ఆయన తన పార్టీకి చేశారు. అది చివర చెబుతాను.

1929 వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు. ఆ ప్రయాణం బరువు మోసిన వాళ్లలో పంతులు గారు ముఖ్యులు. దేశభక్త అన్నది తెలుగువాళ్లు ఆయనకిచ్చిన బిరుదు. గాంధీజీ కూడా ఆయన్ని అలాగే ప్రస్తావించేవారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఆంధ్రలో ఉద్యమ సర్వాధికారం ఆయన చేతికే ఇచ్చారు. అరవై నాలుగేళ్ల వయసులో మళ్లీ జైలు. ఆ జైలు రోజులు, ఆ తిరుగుళ్లు ఆయన స్వీయచరిత్రగా మనకు మిగిలాయి.

1937లో కాంగ్రెస్ ఎన్నికలకు నిలబడింది, గెలిచింది. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. వెంకటప్పయ్య గారు శాసనసభ్యులయ్యారు. మంత్రి కాలేదు. అయితే ఆ సభలో ఆయన చేసిన పని మంత్రి పదవికి తక్కువది కాదు. ముందుగా ఆ ఏడాది నవంబరు 16 సంగతి చెప్పాలి. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్. కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు అక్కడ కూర్చున్నారు. రాష్ట్రం వస్తే కోస్తావాళ్లు మమ్మల్ని మింగేస్తారని సీమవాళ్ల భయం. ఆ భయం నిరాధారం కాదని ఒప్పుకుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. నదీజలాల్లో సీమకు ముందు వాటా. విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలోనూ. రాజధాని కావాలో, హైకోర్టు కావాలో ముందుగా ఎంచుకునే హక్కు సీమది. కింద సంతకం చేసిన కోస్తా పెద్దల్లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారితో పాటు కొండ వెంకటప్పయ్య గారున్నారు. తన ప్రాంతానికి రావలసినదాన్ని వదులుకునే మాట ఇవ్వడం నాయకుడికి ఎంత కష్టమో నేటి రోజుల్లో మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడాది, 1938 మార్చిలో, భాషాప్రాంతాలకు వేరు రాష్ట్రాలు కావాలని ఆయన మద్రాసు శాసనసభలో తీర్మానం పెట్టారు. సభ ఆమోదించింది. లండన్ ఒప్పుకోలేదు. పాతికేళ్ల కింద బాపట్లలో అన్న మాటను ఆయన అప్పటికి చట్టసభ పుస్తకంలోకి ఎక్కించగలిగారు.

1939 సెప్టెంబరులో రెండో యుద్ధం వచ్చింది. భారతదేశాన్ని మాట మాత్రమైనా అడగకుండా వైస్రాయి యుద్ధంలోకి దించాడు. అక్టోబరు, నవంబరు నెలల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మరుసటి ఏడాది వ్యక్తి సత్యాగ్రహం. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆగస్టులో క్విట్ ఇండియా. ఆ నెల 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. పంతులు గారికి అప్పుడు డెబ్భై ఆరేళ్లు. జిల్లాలో పరుగెత్తేవాళ్లు ఆయన మనవల ఈడు పిల్లలు.

ఆ యుద్ధంలో రాజకీయ నాయకుల మనస్సాక్షి ఎలా నలిగిందో చెప్పడానికి దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. హంగరీ ప్రధానమంత్రి కౌంట్ పాల్ తెలెకీ, వృత్తికి భూగోళ శాస్త్రవేత్త. 1920లో ఒకసారి, 1939లో మరోసారి ప్రధాని అయ్యాడు. యూదుల మీద వివక్ష చట్టాలు చేసిన ప్రభుత్వాలను నడిపినవాడు, ఆ మచ్చ ఆయన మీద ఉంది. 1940 డిసెంబరులో పొరుగున ఉన్న యుగోస్లావియాతో శాశ్వత స్నేహ ఒప్పందం చేసుకున్నాడు. నాలుగు నెలలు తిరక్కుండానే హిట్లర్ యుగోస్లావియా మీదికి బయలుదేరి, హంగరీ కూడా రావాలన్నాడు. తెలెకీ ఆపలేకపోయాడు. 1941 ఏప్రిల్ 3 వేకువన, మనం పిరికితనంతో మాట తప్పామని దేశాధినేతకు ఉత్తరం రాసిపెట్టి, ప్రాణం తీసుకున్నాడు. ఆ ఉత్తరంలో నిజం ఉంది. కానీ సైన్యాన్ని అది ఆపలేదు. నిజం రాసిన కలం, రాయవలసిన రోజు దాటాక కదిలింది. చెప్పవలసినదాన్ని బతికుండగా, పని జరిగే వేళ, తనవాళ్ల ముఖం మీద చెప్పాలి. అప్పుడే దానివల్ల మేలు జరుగుతుంది.

పంతులు గారు ఆ పని చేశారు. ఇప్పుడు రెండో ఉత్తరం.

1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాతి నెలల్లో వెంకటప్పయ్య గారు గుంటూరులో తన ఇంట్లో దాదాపు మంచాన పడ్డట్టే ఉన్నారు. వయసు ఎనభై ఒకటి దాటింది. కాలు విరిగింది. చంకకర్రల మీద ఇంటి గోడల మధ్యే మెల్లగా కుంటుకుంటూ తిరుగుతున్నారు. తనకు ఏ పదవీ అక్కర్లేదు, సాధించుకోవలసిన సొంత పని ఏదీ లేదు. ఆ స్థితిలో కలం తీసుకుని గాంధీజీకి రాశారు.

ఏమని రాశారు? మనముందు ఎన్నో రాజకీయ, ఆర్థిక సమస్యలున్నాయి, కానీ వాటన్నిటికన్నా పెద్దది కాంగ్రెస్‌వాళ్ల నైతిక పతనం అని రాశారు. అధికారం రుచి చూసి తలలు తిరిగాయన్నారు. శాసనసభ్యులు పలుకుబడిని డబ్బు చేసుకుంటున్నారని, కోర్టుల్లో న్యాయానికి కూడా అడ్డం పడుతున్నారని, కలెక్టర్ల పనిలో, రెవెన్యూ ఉద్యోగుల పనిలో జోక్యం చేసుకుంటున్నారని రాశారు. నిక్కచ్చిగా పనిచేసే ఉద్యోగి మీద మంత్రులకు చాడీలు వెళ్తాయి, అతను ఆ కుర్చీలో నిలవలేడు అన్నారు. స్వరాజ్యం అన్న ఒక్క దీక్ష మమ్మల్ని మీ వెనక నడిపించింది, గమ్యం చేరగానే కట్టుబాట్లన్నీ తెగిపోయాయి అన్నారు. తెల్లవాళ్ల పాలనే నయమని జనం అంటున్నారని, కాంగ్రెస్‌ను శపిస్తున్నారని కూడా రాశారు. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు!

ఆ మాటలు రాసిన చెయ్యి ఎవరిదో గుర్తుంచుకోండి. ఆంధ్ర కాంగ్రెస్‌ను పురిటినాడు ఎత్తుకున్న చెయ్యి అది. తాను పెంచిన బిడ్డ తప్పుదారి పట్టిందని ఊరి పెద్దకు చెప్పుకునే తండ్రి గుండె ఎలా ఉంటుందో, ఆ రాత్రి ఆయన గుండె అలా ఉండి ఉంటుంది. దాచుకోవచ్చు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదు అనుకోవచ్చు. శత్రువులు నవ్వుతారు అనుకోవచ్చు. ఆయన ఉత్తరం రాసి, కింద తన పేరు పెట్టారు.

1948 జనవరి 12, సోమవారం. గాంధీజీకి మౌనవ్రతం రోజు. ఢిల్లీలో మతకలహాలు చల్లారాలని మరునాటి నుంచి నిరాహారదీక్ష పూనుతున్నట్టు ఆ సాయంత్రం ప్రార్థన సభకు రాసిచ్చిన ప్రసంగంలో ప్రకటించారు. దేశమంతా ఊపిరి బిగబట్టి విన్న ప్రసంగం అది. అందులోనే గాంధీజీ మన గుంటూరు పెద్దాయన ఉత్తరాన్ని లోకానికి వినిపించారు. ఈ త్యాగమూర్తి మాటలను ఆంధ్రులే కాదు, అన్ని రాష్ట్రాలవాళ్లూ ఆలోచించాలన్నారు. ఈ అవినీతి ఆంధ్ర ఒక్కచోటే లేదు, ఆయన కళ్లతో చూసింది ఆంధ్ర కనుక ఆంధ్ర గురించి చెప్పారు, మనమంతా జాగ్రత్తపడాలి అన్నారు. దీక్ష మొదలుపెట్టే మనిషి, అది ప్రాణం మీదికి రావచ్చని తెలిసిన మనిషి, దేశానికి చెప్పవలసిన నాలుగు మాటల్లో ఒకటిగా ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నారు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులకు గాంధీజీ హత్య జరిగింది.

1922 జనవరిలో గాంధీజీ అడిగారు: మీరు దీనికి తగినవాళ్లేనా? 1948 జనవరిలో పంతులు గారి జవాబును దేశం విన్నది: లేదు బాపూ, మేము తగినవాళ్లం కాలేకపోయాం. ఈ రెండు జనవరుల మధ్య ఉన్నదే ఆయన రాజకీయ జీవితం. కాంగ్రెస్ అధ్యక్షత, ఉప్పు, జైలు, శ్రీబాగ్ అన్నీ ఆ ప్రశ్నకూ ఈ జవాబుకూ మధ్యలో వచ్చినవే.

శ్రీబాగ్‌లో ఇచ్చిన మాట ఏమైందో కూడా చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మాట ప్రకారం రాజధాని రాయలసీమకు, కర్నూలుకు వెళ్లింది. 1954లో హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. ప్లీడరు వృత్తి వదిలి వచ్చిన ఆ మనిషి ఊళ్లోనే హైకోర్టు వెలిసింది. చూడటానికి ఆయన లేరు.

మా కొండ మీద రాచవేముడి కథ చెప్పాను కదా. అన్యాయం చేసిన రాజును ఒక మనిషి పొడిచాడు. పరాయి రాజు అన్యాయాన్ని ఎదిరించిన వాళ్ల కథలు మనకు చాలా ఉన్నాయి, కన్నెగంటి హనుమంతు వంటి వీరులను మనం నెత్తిన పెట్టుకోవలసిందే. కానీ తనవాళ్లే రాజులయ్యాక, తనవాళ్లే పన్ను వేసే కుర్చీలో కూర్చున్నాక, వాళ్ల తప్పును పేరు పెట్టి చెప్పడం అంతకన్నా కష్టమైన ధైర్యం. మనకిప్పుడు కరువైంది ఆ ధైర్యమే. పక్క పార్టీ దొంగతనం మనకు మైలు దూరం నుంచి కనబడుతుంది. మన పార్టీదీ, మన కులందీ, మన ఊరిదీ అయితే రెప్ప వాల్చుకుంటాం.

అందుకే శ్రోతలకు ఒక విన్నపం. మీరు ఓటేసిన నాయకుడు, మీ వాడు అనుకున్న నాయకుడు తప్పు చేస్తే, రచ్చబండ మీద గొణుక్కుని ఊరుకోకండి. నాలుగు ముక్కలు రాయండి. మర్యాదగా రాయండి, చూసినదే రాయండి, కింద మీ పేరు పెట్టండి. ఆకాశరామన్న ఉత్తరం వద్దు. చంకకర్రల మీద నడిచే ఎనభై ఏళ్ల వృద్ధుడు చేయగలిగిన పని కాళ్లూ చేతులూ బాగున్న మనం చేయలేమా?

కొండ వెంకటప్పయ్య పంతులు గారు తన ఎనభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ రోజు 1949 ఆగస్టు 15.